పంట ఒకచోట, పద్దు మరొకచోట

1976 మే నెలలో న్యూయార్క్ మర్కంటైల్ ఎక్స్ఛేంజీ పరువు బంగాళాదుంపల దగ్గర పోయింది. ఫలానా గడువుకు సరకు అప్పగిస్తామని ఫ్యూచర్స్ ఒప్పందాలు అమ్మినవాళ్లు, తీరా గడువు వచ్చాక ఇవ్వలేమని చేతులెత్తేశారు. ఒక్కో ఒప్పందం 50,000 పౌండ్లు. అలాంటివి దాదాపు వెయ్యి. అంటే 22 వేల టన్నుల పైమాటే. అమ్మినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు: ఐడహో రాష్ట్రపు దుంపల చక్రవర్తి జాక్ సింప్లాట్, వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన పీటర్ టాగరెస్. ఇద్దరూ పశ్చిమ అమెరికాలో బంగాళాదుంప మీదే కోట్లు గడించినవారు. కానీ ఒప్పందంలో రాసుకున్నది వాళ్ల దుంప కాదు. దేశానికి ఇటు చివర, మేన్ రాష్ట్రంలో పండే గుండ్రటి తెల్ల దుంప. ధర పడిపోతుందని పందెం కాశారు. పడలేదు. అమెరికా సరుకుల వాయిదా మార్కెట్ అంతటి ఎగవేతను అప్పటిదాకా చూడలేదు.

మచ్చ పడ్డ ఎక్స్ఛేంజీ వేరే సరకులు వెతుక్కుంది. 1978లో ఇళ్లు వెచ్చబెట్టుకునే హీటింగ్ ఆయిల్, 1983లో ముడిచమురు. ఇప్పుడు మన వార్తల్లో న్యూయార్క్ ముడిచమురు బ్యారెల్ ధర ఇంత అని వినపడుతుందే, ఆ మార్కెట్ పుట్టింది దుంపల మార్కెట్ చెడిపోయిన చోటే. ఎక్స్ఛేంజీ బాగుపడింది. సింప్లాట్ కూడా బాగానే ఉన్నాడు, జరిమానా కట్టి ఆనక ఇంకా పెద్ద ధనవంతుడయ్యాడు. ఈ కథను ఆర్థిక చరిత్ర పుస్తకాలు తరచూ చెబుతాయి. ఆ దుంపలు పండించిన ఊళ్ల సంగతి మాత్రం వాటిలో ఉండదు.

ఆ ఊళ్లున్నది అరూస్టుక్ కౌంటీలో. మేన్ రాష్ట్రానికి నడినెత్తి. ఉత్తరాన, తూర్పున కెనడా రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్, వాయవ్యాన క్విబెక్. విస్తీర్ణం 17,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. సరిగ్గా మన పాత ప్రకాశం జిల్లా అంత. కనెక్టికట్, రోడ్ ఐలాండ్ రాష్ట్రాల నేల రెండూ కలిపినా ఇంత ఉండదు. 2011 లెక్కల్లో ప్రకాశం జిల్లా జనాభా దాదాపు 34 లక్షలు. అరూస్టుక్‌లో 2020 లెక్కల ప్రకారం ఉన్నది 67,105 మంది. అదే 1960లో 1,06,064 మంది ఉండేవారు. అరవై ఏళ్లలో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు తగ్గారు. యుద్ధం రాలేదు, కరవు రాలేదు, వరద ముంచలేదు.

ఎందుకిలా జరిగిందంటే మామూలుగా మూడు జవాబులు వస్తాయి. చలి ఎక్కువ, నగరాలు దూరం, యంత్రాలొచ్చి కూలి పని పోయింది. మూడూ అబద్ధం కాదు. కానీ జనం ఏటికేడు పెరుగుతున్న రోజుల్లోనూ చలి ఇంతే, దూరమూ ఇంతే. యంత్రాలు ఐడహోలోనూ వచ్చాయి, అక్కడ దుంప సామ్రాజ్యం కూలలేదు. అరూస్టుక్ రెండు వందల ఏళ్ల చరిత్ర తిరగేస్తే వేరే సంగతి కనపడుతుంది. ఈ నేల మీద పెద్ద నిర్ణయం ఏది జరిగినా, దాన్ని తీసుకున్నవాళ్లు ఇంకెక్కడో కూర్చుని ఉన్నారు. స్థానికులే నిలబడి ఏదైనా కట్టుకున్నప్పుడు అది చాలాకాలం నిలిచింది.

సరిహద్దుతోనే మొదలుపెడదాం. 1783లో బ్రిటన్, అమెరికా సంధి రాసుకున్నప్పుడు మేన్ ఉత్తర హద్దు ఫలానా ఎత్తయిన నేలల వెంబడి అని రాశారు. ఆ ఎత్తయిన నేలలు ఏవో ఎవరికీ తెలియదు. అరవై ఏళ్లు అలాగే గడిచాయి. మధ్యలో ఇరువైపుల కలప కొట్టేవాళ్లు ఒకే అడవిలో పడి కొట్టుకున్నారు. 1838-39 చలికాలంలో మేన్, న్యూ బ్రన్స్‌విక్ సైన్యాలను మోహరించాయి. వాషింగ్టన్‌లో కాంగ్రెసు 50 వేలమంది సైనికులకు, కోటి డాలర్లకు అనుమతి ఇచ్చింది. దీన్నే అరూస్టుక్ యుద్ధం అంటారు. ఒక్క పోరు కూడా జరగని యుద్ధం. అది నడుస్తుండగానే, 1839 మార్చి 16న, ఈ కౌంటీని ఏర్పాటు చేశారు. నేల మాదేనని కాగితం మీద చెప్పుకోవడానికి అదొక దారి.

తర్వాత 1842లో డేనియల్ వెబ్‌స్టర్, లార్డ్ ఆష్‌బర్టన్ కూర్చుని పంచుకున్నారు. తగాదాలో ఉన్న పన్నెండు వేల చదరపు మైళ్లలో అమెరికాకు 7,015, బ్రిటన్‌కు 5,012. హద్దుగా సెయింట్ జాన్ నదిని ఎంచుకున్నారు. పటం మీద నది చక్కటి హద్దులాగే కనపడుతుంది. కానీ ఆ నదికి రెండు గట్లా ఉన్నది ఒకే జనం. వాళ్లు అకేడియన్లు, ఫ్రెంచి మాట్లాడే రైతులు. 1755 నుంచి బ్రిటిష్‌వాళ్లు వాళ్లను నోవా స్కోషియా ప్రాంతం నుంచి ఓడల్లో ఎక్కించి చెల్లాచెదురు చేస్తే, కొన్ని కుటుంబాలు తిరిగి తిరిగి 1785లో ఈ లోయకు చేరి నేల దున్నుకున్నాయి. ఒప్పందం తర్వాత పెద్దన్న బ్రిటిష్ ప్రజ, ఎదురుగట్టు తమ్ముడు అమెరికన్. ఇద్దరినీ ఎవరూ అడగలేదు. వాళ్లకంటే ముందు వేల ఏళ్లుగా ఆ నదినే తమ పేరుగా చెప్పుకున్న మాలిసీట్ జాతి వారిని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ జాతికి చెందిన హోల్టన్ బృందానికి గుర్తింపు 1980 నాటి సెటిల్‌మెంట్ చట్టంతో వచ్చింది. అరూస్టుక్ మిక్‌మాక్ జాతికైతే 1991 దాకా రాలేదు. దుంపలు ఏరడానికి కౌంటీ అంతా వాడిన బుట్టలు ఈ రెండు జాతులవాళ్లు యాష్ చెట్టు బద్దలతో అల్లినవే. ఆ సంగతి కౌంటీ బడాయిల్లో చాలాకాలం చేరలేదు.

భాష విషయంలోనూ అంతే. 1919లో మేన్ చట్టసభ బడుల్లో ఇంగ్లీషులోనే చెప్పాలని శాసించింది. లోయలో టీచరుకూ పిల్లవాడికీ ఇద్దరికీ మాతృభాష ఫ్రెంచే. అయినా బడి ఆవరణలో ఫ్రెంచి మాట పలికితే శిక్ష పడేది. 1969 దాకా ఆ చట్టం నడిచింది. ఇప్పుడు ఫ్రెంచిని బతికించాలని సభలు జరుగుతున్నాయి. గోధుమ కాని బక్‌వీట్ పిండితో ఒకవైపే కాల్చే 'ప్లాయ్' అట్టు మాత్రం ఏ సభ అవసరం లేకుండానే బతికింది.

ఇక నేల. కౌంటీకి రెండు ముఖాలు. పడమటి సగం పైగా అడవి, స్ప్రూస్, ఫర్ చెట్లు. తూర్పున న్యూ బ్రన్స్‌విక్ సరిహద్దు వెంబడి హోల్టన్, మార్స్ హిల్, ప్రెస్క్ ఐల్, కారిబూ పట్టణాల వరుసలో సేద్యపు నేల. ఈ పట్టీలో నేలకింద సున్నపు రాయి కలిసిన పొరలున్నాయి. వాటిమీద ఏర్పడ్డ నేలకు 'కారిబూ లోమ్' అని పేరు. నీరు నిలవదు, గుల్లగా ఉంటుంది, దుంప ఊరడానికి అనువు. చిక్కల్లా కాలంతోనే. మంచు పడని రోజులు ఏడాదికి నాలుగు నెలలు. కారిబూలో చలికాలం మొత్తానికి సగటున తొమ్మిది అడుగుల మంచు కురుస్తుంది. 1955 ఫిబ్రవరి 1న అక్కడ మైనస్ 41 ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో చెప్పినా అంకె దాదాపు మారదు, మైనస్ 40 దాటింది. అందుకే ఇక్కడి గోదాములు కొండవాలులోకి తవ్వి సగం భూమిలో కప్పెట్టినట్టు ఉంటాయి. మనకు కోల్డ్ స్టోరేజీలో సరకును చల్లగా ఉంచడం సమస్య, వాళ్లకు గడ్డకట్టకుండా ఉంచడం సమస్య.

ఈ నేలకు కొత్త జనాన్ని రప్పించినవాటిలో ఒకటి సర్కారీ పథకం. పందొమ్మిదో శతాబ్దం మధ్యకల్లా మేన్ యువకులు పడమటికి వలస కట్టారు. దీన్ని ఆపడానికి 1870లో రాష్ట్రం తన ప్రతినిధి డబ్ల్యూ.డబ్ల్యూ. థామస్‌ను స్వీడన్ పంపింది. ఆయన యాభై మంది చిల్లరను వెంటబెట్టుకుని అడవిలో 'న్యూ స్వీడన్' అనే ఊరు కట్టించాడు. కుటుంబానికి వంద ఎకరాలు. పథకం ఫలించింది, పక్కన మరికొన్ని స్వీడిష్ ఊళ్లు లేచాయి. ఉద్యోగం చూపిస్తామని కాకుండా నేల రాసిచ్చారు కాబట్టి నిలబడ్డారని నా అభిప్రాయం.

దుంపలు మొదట తిండికి పోలేదు, గంజిపొడికి పోయాయి. మేన్ కూడా ఉన్న ఈశాన్య రాష్ట్రాల గుంపును న్యూ ఇంగ్లండ్ అంటారు, దాని దక్షిణాన ఉన్న బట్టల మిల్లులకు స్టార్చ్ కావాలి. ఊరూరా స్టార్చ్ మిల్లులు పెట్టారు, ఎందుకంటే దుంపను దూరం మోయలేరు, పొడిని మోయగలరు. అప్పటికి రైలు ఎక్కాలంటే కెనడా గుండా పోవాల్సిందే. సొంత దేశంలోని బోస్టన్‌కు సరకు పంపాలన్నా పరాయి దేశపు పట్టాల మీద, వాళ్లు చెప్పిన రేటుకు. ఈ దురవస్థ తప్పించుకోవడానికి హోల్టన్‌కు చెందిన ఆల్బర్ట్ బర్లీ వంటివారు ముందుపడి 1891లో బ్యాంగర్ అండ్ అరూస్టుక్ రైల్వే స్థాపించారు. కొద్ది ఏళ్లలోనే పట్టాలు కౌంటీ మధ్యకు చేరాయి. బయటి పెట్టుబడిదారులు గిట్టుబాటు కాదని వదిలేసిన మార్గం అది. స్థానికులు పట్టుబట్టి వేసిన ఆ రైలే తర్వాతి యాభై ఏళ్ల వైభవానికి పునాది. గడ్డకట్టే చలిలో దుంపలు పాడవకుండా పెట్టెల్లో పొయ్యిలు పెట్టి నడిపిన రైలు.

ఆ వైభవం చిన్నది కాదు. 1940లలో మేన్‌లో రెండు లక్షల ఎకరాలకు పైగా దుంప సాగైంది, దాదాపు అంతా ఈ ఒక్క కౌంటీలోనే. దుంపల దిగుబడిలో దేశంలో మొదటి స్థానం. సెప్టెంబరు చివర్లో బడులకు కోత సెలవులిచ్చి పిల్లల్ని పొలాలకు పంపేవారు. 165 పౌండ్ల చెక్క పీపా నింపితే లెక్క ఒకటి, పీపాకు తన నంబరు చీటీ తగిలిస్తే కూలి జమ. రెండో ప్రపంచ యుద్ధంలో కూలీలు దొరక్క హోల్టన్ శిబిరంలోని జర్మన్ యుద్ధఖైదీల చేత దుంపలు ఏరించారు. కోత సెలవుల ఆచారం కొన్ని బడుల్లో ఇటీవలి దాకా కొనసాగింది, పొలంలోకి వెళ్లే పిల్లలు మాత్రం తగ్గిపోయారు. యంత్రం దగ్గర చిన్నపిల్లల్ని నిలబెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది? ఇక్కడే అసలు విషయం. ఐడహోలో కేంద్ర ప్రభుత్వం స్నేక్ నది మీద ఆనకట్టలు కట్టి ఎడారిని తడిపింది. ఆ నీటికి అరూస్టుక్ రైతు కూడా పన్ను కట్టాడు. తనకు మాత్రం వానే దిక్కు. ఐడహో తన పేరునే ముద్రగా వేసి దుంపను అమ్మింది. మేన్ దుంప సంచిలో పోసి గుత్తగా అమ్ముడుపోయింది, తిన్నవాడికి ఎక్కడిదో తెలియదు. ఇంతలో జనం ఇంట్లో ఉడకబెట్టుకోవడం తగ్గించి బయట ఫ్రెంచ్ ఫ్రైస్ తినడం మొదలుపెట్టారు. దానికి పొడవాటి రసెట్ దుంప కావాలి, గుండ్రటి తెల్లది పనికిరాదు. 1960ల చివర్లో మెక్‌డొనాల్డ్స్‌కు గడ్డకట్టించిన ముక్కలు సరఫరా చేయడానికి సింప్లాట్ ఒప్పందం కుదుర్చుకున్నాడు. మేన్ దుంప ధర మీద న్యూయార్క్‌లో పందెం కాసింది అదే సింప్లాట్.

అప్పటికి రైలు కూడా చేజారింది. సొంత రైల్వే కౌంటీ దాటించి సరకును అప్పగిస్తే, నగరాలకు చేర్చాల్సింది పెద్ద కంపెనీలు. 1969-70 చలికాలంలో కొత్తగా విలీనమై గందరగోళంలో ఉన్న పెన్ సెంట్రల్ రైల్వే యార్డుల్లో దుంపల పెట్టెలు రోజుల తరబడి నిలిచిపోయాయి. పొయ్యిల్లో ఇంధనం అయిపోయి దుంపలు గడ్డకట్టి కుళ్లాయి. రైతులు లారీలకు మళ్లారు, మళ్లీ రైలు వైపు చూడలేదు. అంతర్రాష్ట్ర రహదారి ఐ-95 హోల్టన్ దగ్గరే ఆగిపోతుంది. కౌంటీలో పెద్ద పట్టణాలైన ప్రెస్క్ ఐల్, కారిబూలకు అది నేటికీ చేరలేదు. దుంపల బరువు పోయాక రైల్వే కుంగి, 2003లో చేతులు మారి మాంట్రియల్, మేన్ అండ్ అట్లాంటిక్ కంపెనీ పరమైంది. 2013లో క్విబెక్‌లోని లాక్ మెగాంటిక్ ఊళ్లో చమురు బండి పేలి 47 మంది చనిపోయిన ప్రమాదం ఈ కంపెనీ రైలుదే. అంతకుముందే అది అరూస్టుక్ మార్గాలను మూసేస్తానంటే, మేన్ రాష్ట్రమే డబ్బు పెట్టి ఆ పట్టాలను కొనుక్కుంది. నూరేళ్లకు పైగా కిందట ఊరివాళ్లు వేసిన దారిని నిలబెట్టడానికి సర్కారు దిగాల్సివచ్చింది.

ఒక్క పంటను నమ్ముకుంటే ముప్పు అని వాళ్లకు తెలియక కాదు. 1960లలో ఈస్టన్ ఊళ్లో ఫ్రెడ్ వాల్సింగ్ అనే పారిశ్రామికవేత్త దుంపల ఫ్యాక్టరీ పక్కనే బీట్ చక్కెర మిల్లు పెట్టాడు. వాషింగ్టన్ రుణాలిచ్చింది. రాష్ట్ర చట్టసభ ఇంకో అడుగు ముందుకేసి, మిల్లుకు ఇబ్బంది లేకుండా పక్కనున్న ప్రెస్టిల్ వాగు నీటి నాణ్యత హోదానే తగ్గించింది. వాగు మురికి కాలువైంది. ఆ వాగు కిందికి న్యూ బ్రన్స్‌విక్‌లోకి పారుతుంది. 1968లో సెంటర్‌విల్ గ్రామస్థులు సహనం నశించి సరిహద్దు దగ్గర మట్టికట్ట వేసి మీ కంపు మీరే ఉంచుకోండని నీళ్లను ఆపేశారు. రైతులు బీట్ వైపు పెద్దగా మొగ్గలేదు. చక్కెర మిల్లు కొద్ది ఏళ్లలోనే దివాలా తీసింది. పంట మార్పిడి అనే మంచి ఆలోచనను ఒకే యజమాని చేతిలో పెడితే ఏమవుతుందో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

మన రాష్ట్రాల్లో వెనుకబడిన జిల్లా అనగానే పెద్ద కేంద్ర సంస్థ ఒకటి తెచ్చిపెట్టమని అడుగుతాం. అరూస్టుక్‌కు అలాంటిది వచ్చింది, కాస్తా కూస్తా కాదు. ఐరోపాకు దగ్గరి కొస అని గమనించి 1947లో లైమ్‌స్టోన్ ఊళ్లో అమెరికా వైమానిక దళం స్థావరం కట్టడం మొదలుపెట్టింది. 1954లో దానికి కొరియా యుద్ధంలో చనిపోయిన పైలట్ లోరింగ్ పేరు పెట్టారు. బి-52 బాంబర్లు, పక్కనే అణ్వాయుధాల గిడ్డంగి, మూడు కిలోమీటర్లు దాటిన రన్‌వే. దుంప రైతు పొలం పక్కన ప్రపంచ వినాశనానికి సిద్ధంగా విమానాలు. జనం అలవాటుపడ్డారు, జీతాలు వచ్చేవి, అంగళ్లు నడిచేవి, బడులు నిండేవి. 1976లో స్థావరాన్ని కుదిస్తామంటే రాష్ట్ర నాయకులు పోరాడి 1979లో ఆపించారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఏ పోరాటమూ పనిచేయలేదు. 1991లో మూసివేత జాబితాలో చేరి, 1994 సెప్టెంబరులో గేట్లు మూసుకున్నాయి. లైమ్‌స్టోన్ జనాభా 1990లో 9,922. 2000లో 2,361. కౌంటీ మొత్తం ఆ పదేళ్లలో 13 వేలమందిని పోగొట్టుకుంది. తర్వాత అక్కడ రక్షణ శాఖ జమాఖర్చుల కార్యాలయం ఒకటి తెరిచారు. ఊళ్లో 1995లో సైన్స్, గణితాలకు రాష్ట్ర స్థాయి హాస్టల్ బడి పెట్టారు, అది మంచి పేరు తెచ్చుకుంది. రన్‌వే మీద 'ఫిష్' అనే రాక్ బృందం కచేరీలు పెడితే వేలమంది గుడారాలు వేసుకున్నారు. ఇవేవీ పోయిన జీతాలకు సాటి రాలేదు.

దీని పక్కన ప్రెస్క్ ఐల్ అనుభవం పెట్టి చూడాలి. అక్కడా ఒక వైమానిక స్థావరం ఉండేది. 'స్నార్క్' అనే క్షిపణులను మోహరించారు. 1961 ఫిబ్రవరిలో అది పూర్తిగా సిద్ధమైందని ప్రకటించారు. మార్చిలో అధ్యక్షుడు కెనడీ ఇది కాలం చెల్లిన ఆయుధమన్నాడు. జూన్‌కల్లా దుకాణం కట్టేశారు. నాలుగు నెలల్లో ముగిసిన ఈ తమాషా తర్వాత పట్టణం ఏడుస్తూ కూర్చోలేదు. భవనాలను, రన్‌వేను చేతికి తీసుకుని చిన్న పరిశ్రమలకు పారిశ్రామికవాడ, ప్రాంతానికి విమానాశ్రయం, అదే ఏడాది వృత్తివిద్యా సంస్థ పెట్టుకున్నారు. ఆ సంస్థే ఇప్పటి నార్తర్న్ మేన్ కమ్యూనిటీ కాలేజీ. ఈ పట్టణ జనాభా కూడా తగ్గింది, దాచాల్సిన పని లేదు. అయితే లైమ్‌స్టోన్ కూలినట్టు ఒక్క దెబ్బకు కూలలేదు. స్థావరం ఉండగానే పట్టణానికి వేరే బతుకు ఉండటం, అది ముప్పై ఏళ్లు ముందే పోవడం, రెండూ అదృష్టాలే.

న్యూ ఇంగ్లండ్‌లో కౌంటీకి పెద్ద అధికారాలు లేవు. జైలు, షెరీఫ్, ఆస్తుల రిజిస్ట్రేషన్, అంతే. మన కలెక్టరు లాంటివాడు లేడు. నిజమైన అధికారం ఊరిది. ఏటా చలికాలం చివర జరిగే టౌన్ మీటింగ్‌లో బడి ఖర్చు నుంచి మంచు తోసే యంత్రం దాకా ఊరివాళ్లే చేతులెత్తి తేలుస్తారు. ప్రజాస్వామ్యానికి ఇంతకంటే మంచి రూపం లేదని చాలామంది మెచ్చుకుంటారు. నిజమే. కాకపోతే ఆ సభ అజెండాలో దుంప ధర ఉండదు, అడవి ఉండదు. పడమటి అడవి అంతా 'వ్యవస్థీకృతం కాని ప్రాంతం'. అక్కడ పంచాయతీ అనేదే లేదు, పన్నులు, నిబంధనలు రాష్ట్రమే చూసుకుంటుంది. నేల ప్రైవేటు కంపెనీలది. ఒక్క ఇర్వింగ్ కుటుంబ సంస్థకే మేన్‌లో పన్నెండు లక్షల ఎకరాలకు పైగా ఉంది. దాని ప్రధాన కార్యాలయం న్యూ బ్రన్స్‌విక్‌లో. కొట్టిన దుంగలు సరిహద్దు దాటి కోత మిల్లులకు పోతాయి. 1998లో మేన్ కలపకూలీలు, కంపెనీలు కెనడా కూలీలను తెచ్చి మా కూలి తగ్గిస్తున్నారని సరిహద్దు రోడ్లకు అడ్డం నిలబడ్డారు.

సరిహద్దు ఎంత విచిత్రమైందో చూడాలంటే మెడవాస్కా పోవాలి. నది ఇవతల కాగితం మిల్లు, అవతల ఎడ్మండ్‌స్టన్‌లో గుజ్జు మిల్లు. గుజ్జును గొట్టాల్లో నది మీదుగా పంపుతారు. దాదాపు వందేళ్లుగా ఈ రెండు మిల్లులు ఒకే ఒంటి రెండు సగాల్లా బతుకుతున్నాయి. 2025లో వాషింగ్టన్ కెనడా సరకు మీద సుంకాలు అనగానే ఇక్కడ గుండెలు దడదడలాడాయి. దుంప పొలానికి చల్లే పొటాష్ ఎరువు కూడా కెనడాదే మరి.

దుంపలిప్పుడు మేన్‌లో 50 వేల ఎకరాల చుట్టుపక్కల ఉన్నాయి. రైతులు వేల నుంచి వందలకు తగ్గారు. మిగిలినవారివి పెద్ద కమతాలు, మంచి విత్తనం, ఓట్స్, బార్లీలతో పంట మార్పిడి. గణనీయమైన భాగం ఈస్టన్‌లోని మెకెయిన్ ఫ్యాక్టరీకి పోతుంది. మెకెయిన్ పుట్టింది సరిహద్దుకు కూతవేటు దూరంలో, న్యూ బ్రన్స్‌విక్ ఫ్లోరెన్స్‌విల్‌లో, 1957లో. ఇప్పుడు గుజరాత్ మెహసాణాలోనూ ఫ్యాక్టరీ ఉంది. హైదరాబాద్ సూపర్ మార్కెట్ ఫ్రీజరులో దొరికే ముక్కల సంచి మీద ఉండే పేరు అదే. ఇంత పెద్ద కొనుగోలుదారు ఎదుట రైతు ఒంటరిగా నిలబడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇక్కడే నన్ను ఎక్కువ ఆకట్టుకున్న ఏర్పాటు ఒకటుంది. 1973లో మేన్ ఒక చట్టం చేసింది. పండించేవాళ్ల సంఘంతో కొనే కంపెనీ నిజాయితీగా బేరమాడి తీరాలి, తప్పించుకుని ఒక్కో రైతును విడిగా పట్టుకోకూడదు. దాని కింద ప్రెస్క్ ఐల్‌లోని బేరసారాల మండలి రైతులందరి తరఫునా కూర్చుని ఒప్పంద ధర తేలుస్తుంది. విత్తనం నాటకముందే రైతుకు ధర తెలుస్తుంది.

పాత ప్రకాశం జిల్లాలో పొగాకు రైతుకు ఈ పరిస్థితి కొత్త కాదు. ఒంగోలు వేలం కేంద్రంలో పండించేవాళ్లు వేలల్లో, కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1980ల మధ్య నుంచి పొగాకు బోర్డు వేలం పాట పెట్టడంతో కొంత రక్షణ దొరికింది, అయినా పాట పడిపోయిన ఏడు రైతు బేలు వెనక్కి మోసుకుపోవాల్సిందే. మన దేశంలో 2020లో కాంట్రాక్టు సేద్యం మీద చట్టం తెచ్చి, రైతుల ఆందోళనతో 2021లో వెనక్కి తీసుకున్నారు. ఆ చర్చంతా కంపెనీ రావాలా వద్దా అన్నదాని చుట్టూ తిరిగింది. వస్తే రైతుల సంఘంతో బేరమాడాలని కంపెనీని చట్టం ఎలా కట్టడి చేయగలదో మాట్లాడింది తక్కువ. యాభై ఏళ్ల కిందటి మేన్ చట్టాన్ని మన వ్యవసాయ శాఖల్లో ఎవరైనా ఒకసారి తిరగేస్తే నష్టం లేదు.

చట్టం ధరను కాపాడుతుంది, ఊరిని నింపలేదు. యువతీయువకులు పోర్ట్‌లాండ్‌కో బోస్టన్‌కో పోతున్నారు. మిగిలినవాళ్లు వయసుమళ్లినవారు. ఫోర్ట్ కెంట్ ఆస్పత్రిలో 2023లో, హోల్టన్‌లో 2025లో కాన్పుల విభాగాలు మూతపడ్డాయి. మంచు తుపానులో నొప్పులొస్తే గంట పైగా ప్రయాణం. 2008లో, 2012లో ఒబామాకు మెజారిటీ ఇచ్చిన కౌంటీ 2016 నుంచి మూడు ఎన్నికల్లోనూ ట్రంప్ వెంట నిలబడింది. దీన్ని మూర్ఖత్వంగా కొట్టిపారేసే రాతలు చదివాను. ఎవరు గెలిచినా తమ విషయం ఇంకెక్కడో తేలుతుందని తరాలుగా చూసినవాళ్లు ఉన్న బల్లను తన్నేవాడికి ఓటేయడం అంత అర్థంకాని పనేమీ కాదు. వచ్చేవాళ్లూ లేకపోలేదు. కొన్ని దశాబ్దాలుగా ఆమిష్ కుటుంబాలు స్మిర్నాలో, ఫోర్ట్ ఫెయిర్‌ఫీల్డ్‌లో వదిలేసిన పొలాలు కొనుక్కుని గుర్రాలతో దున్నుకుంటున్నాయి. కరెంటు అక్కర్లేని జనం.

కరెంటు అక్కర్లేకపోవడం ఈ కౌంటీలో చిన్న సౌకర్యం కాదు. ఉత్తర మేన్‌కు న్యూ ఇంగ్లండ్ విద్యుత్ గ్రిడ్‌తో నేరుగా తీగ లేదు. ఉన్న సంబంధమల్లా న్యూ బ్రన్స్‌విక్ గుండానే, పందొమ్మిదో శతాబ్దపు రైలులాగే. మార్స్ హిల్ కొండ మీద 2007 నుంచి 42 మెగావాట్ల గాలిమరలు తిరుగుతున్నాయి. వెయ్యి మెగావాట్ల కొత్త గాలి విద్యుత్ కేంద్రం ఇక్కడ పెట్టి, దక్షిణానికి తీగ లాగాలని రాష్ట్రం పథకం వేసింది. అందులో నలభై శాతం దాకా కొనడానికి మసాచుసెట్స్ ముందుకొచ్చింది. 2023 చివర్లో తీగ వేసే కంపెనీతో ధర దగ్గర పేచీ వచ్చి రాష్ట్ర నియంత్రణ సంఘం ఆ ఎంపికను రద్దు చేసింది. ఆలోపే దారిలో ఉన్న ఊళ్లు మా పొలాల్లో టవర్లు వద్దని టౌన్ మీటింగుల్లో తాత్కాలిక నిషేధాలు పెట్టుకున్నాయి. తమ నేల మీద టవరు వద్దనడానికి ఆ ఊళ్లకు ఒక సభ ఉంది, అక్కడ చేతులెత్తారు. గాలి వీచేది మాత్రం అరూస్టుక్‌లో. తీగ ఎప్పుడు పడాలో, ఏ ధరకు పడాలో తేల్చేవాళ్లు రెండు రాష్ట్రాల రాజధానులు అగస్టా, బోస్టన్‌లలో కూర్చుని ఉన్నారు.